రెండున్నర గంటల తేడా

ఈసారి ప్రబంధాలకూ ఛందస్సుకూ కొంచెం సెలవు. తెలుగు పండితుడికి తోకచుక్కలతో ఏమి పని అని మీరు అడగవచ్చు. పని అనడం కన్నా బాకీ అనడం సబబు. ఆ బాకీ ఏమిటో ముందు చెప్పుకుని, తరువాత చరిత్రలోకి వస్తాను.

1986వ సంవత్సరం ఏప్రిల్ మొదటి వారం. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. హేలీ తోకచుక్క వచ్చిందని పత్రికలన్నీ ఘోషిస్తున్న రోజులు. సైన్సు మాస్టారు సెలవులో ఉండటం వల్ల, ఏడవ తరగతి పిల్లలను తెల్లవారుజామున నాలుగు గంటలకు చెరువుగట్టు మీదకు తీసుకువెళ్ళే భారం నా మీద పడింది. దక్షిణ దిక్కున, తాటిచెట్ల తలలకు కాస్త పైగా, పలకను తడిచేత్తో తుడిస్తే మిగిలే తెల్లని మరక వంటిది ఒకటి కనబడింది. అంతే. కత్తి వంటి తోకను ఊహించుకుని వచ్చిన పిల్లలు నిట్టూర్చారు. అంతకు ముందు నెలలోనే జొట్టో అనే ఐరోపా నౌక ఆ తోకచుక్క దగ్గరగా పోయి తీసిన చిత్రం పేపర్లో వచ్చింది. దానిని చూసిన ఒక కుర్రవాడు నన్ను అడిగాడు:

“మాస్టారూ, దాంట్లోంచి గాలీ దుమ్మూ చిమ్ముతున్నాయని రాశారు కదండీ. మరి తారాజువ్వలాగా అది పక్కకి పోదాండీ?”

“ఒరేయ్, అది ఆకాశంరా, దీపావళి కాదు” అన్నాను. పిల్లలందరూ గొల్లున నవ్వారు. వాడూ నవ్వాడు. కాని ఆ ఏడాది వాడు నన్ను మరొక ప్రశ్న అడగలేదు.

పదవీ విరమణ తరువాత తీరిక దొరికి ఖగోళశాస్త్ర చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఆ కుర్రవాడి ప్రశ్ననే సరిగ్గా నూట యాభై ఏళ్ళ ముందు, 1836లో, ఐరోపాలోకెల్లా గొప్ప ఖగోళవేత్తలలో ఒకడు వేశాడని. అతనిని కూడా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆ కథే ఇది.

కాస్త వెనక్కు వెళ్దాం. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతువులకు ఒక అధ్యాయమే కేటాయించాడు. అందులో ఆయన చెప్పిన మాట ఒకటి నాకు చాలా ఇష్టం. కేతువు ఎప్పుడు కనబడుతుందో ఎప్పుడు అస్తమిస్తుందో గణితంతో తెలుసుకోవడం సాధ్యం కాదని ఆయన తేల్చి చెప్పాడు. గ్రహణాలను లెక్క కట్టిన చేయి వ్రాసిన మాట అది. తెలియనిదానిని తెలియదని ఒప్పుకున్న ఆ నిజాయితీకి నమస్కరించాలి. ఆయన తరువాత పదకొండు వందల ఏళ్ళకు పైగా ఆ మాట నిలిచింది. 1705లో ఎడ్మండ్ హేలీ 1531, 1607, 1682 సంవత్సరాల తోకచుక్కలు మూడూ ఒక్కటేనని, అది 1758 ప్రాంతంలో తిరిగి వస్తుందని ప్రకటించాడు. 1758 క్రిస్మస్ రాత్రి డ్రెస్డెన్ దగ్గర పాలిచ్ అనే రైతు దానిని చూశాడు. న్యూటన్ గురుత్వ సిద్ధాంతానికి అది పట్టాభిషేకం. ఇకపై తోకచుక్కలు కూడా గ్రహాల వలె చెప్పినట్లు వింటాయని అందరూ అనుకున్నారు.

వినని తోకచుక్క ఒకటి వెంటనే తగిలింది.

1818 నవంబరులో ఫ్రాన్సులోని మార్సే వేధశాలలో ఝాఁ లూయీ పోన్స్ ఒక మసక తోకచుక్కను పట్టుకున్నాడు. (ఈ పోన్స్ ఆ వేధశాలలో ద్వారపాలకుడుగా చేరి, రాత్రులు ఆకాశం చూడటం నేర్చుకుని, జీవితంలో ముప్పైకి పైగా తోకచుక్కలను కనిపెట్టిన మనిషి. ఆయన మీద వేరే టపా వ్రాయాలి.) ఆ పరిశీలనలు యోహాన్ ఫ్రాంజ్ ఎంకె అనే జర్మన్ యువకుడి చేతికి వచ్చాయి. నండూరి వారి ఎంకితో ఈయనకు చుట్టరికం లేదు కాని, పట్టుదలలో ఈయనా తక్కువవాడు కాడు. గణితశిఖామణి గౌస్ శిష్యుడు. ఈ తోకచుక్క మూడేళ్ళ మూడు నెలల పైచిలుకు కాలంలోనే సూర్యుని చుట్టివస్తున్నదని 1819లో లెక్క తేల్చాడు. 1786లో మెషేన్, 1795లో కరోలిన్ హెర్షెల్, 1805లో మళ్ళీ పోన్స్, అందరూ వేరువేరుగా చూసినది దీనినేనని గుర్తించాడు. 1822లో మళ్ళీ వస్తుందనీ చెప్పాడు. ఆ యేడు జూన్ 2న ఆస్ట్రేలియాలోని పారమట్టాలో ర్యూంకర్ దానిని చూశాడు. రాక ముందుగా చెప్పగా వచ్చిన తోకచుక్కలలో హేలీ తరువాత రెండవది ఇదే. లోకం దానికి ఎంకె తోకచుక్క అని పేరు పెట్టింది. ఎంకె మాత్రం జీవితాంతం దానిని పోన్స్ తోకచుక్క అనే పిలిచాడు.

ఇక్కడివరకు అంతా శుభమే. కాని ఎంకె తన లెక్కలలో ఒక చిక్కు గమనించాడు. గురువు, శని మొదలైన గ్రహాలు చేసే ఆకర్షణలను ఎంత జాగ్రత్తగా కలిపి తీసివేసినా, తోకచుక్క ప్రతి చుట్టుకూ సుమారు రెండున్నర గంటలు ముందుగా సూర్యుని చేరుతున్నది. ఒక చుట్టుకు పట్టే కాలం దాదాపు 29 వేల గంటలు. అందులో రెండున్నర. మరొకరైతే దూరదర్శినిలో లోపమనో, తమ కూడికలో పొరపాటనో సరిపెట్టుకునేవారు. ఎంకె ఆ రెండున్నర గంటలను వదలలేదు. ప్రతి చుట్టుకూ అదే తేడా, అదే దిశలో వస్తున్నదంటే అది పొరపాటు కాదు, దాని వెనుక కారణం ఉన్నదన్నాడు.

ఆయన ఊహించిన కారణం ఈథర్. కాంతి అలగా ప్రయాణిస్తున్నదనీ, ఆ అలకు ఆధారంగా అంతరిక్షమంతటా ఒక సూక్ష్మద్రవ్యం నిండి ఉన్నదనీ నమ్ముతున్న కాలమది. (మన తర్కశాస్త్రంలో ఆకాశాన్ని ఒక ద్రవ్యంగా లెక్కించి, శబ్దం దాని గుణమన్నారు. వారు దానికి కాంతిని అప్పగించారు. ఖాళీని ఖాళీగా వదలడం ఎవరికీ ఇష్టం లేదు!) ఆ ద్రవ్యం తోకచుక్కను ఎదిరిస్తున్నదని ఎంకె వాదన. ఎదిరిస్తే ఆలస్యం కావాలి గాని ముందు రావడమేమిటని మీకు సందేహం కలగవచ్చు. నాకూ కలిగింది. గానుగ ఎద్దును తలచుకుంటే సందేహం తీరుతుంది. కాడిమానును కురచ చేస్తే ఎద్దు తిరిగే వలయం చిన్నదవుతుంది, చుట్టు త్వరగా పూర్తవుతుంది. నిరోధం వల్ల తోకచుక్క శక్తిని కోల్పోయి సూర్యుని వైపు జారుతుంది. కక్ష్య చిన్నదవుతుంది. సూర్యునికి చేరువైన కొద్దీ వేగమూ పెరుగుతుంది గనుక చుట్టు మరింత త్వరగా ముగుస్తుంది. చక్కని వాదన. తప్పు వాదన అయినా చక్కనిదే.

ఇప్పుడు బెసెల్ ప్రవేశం. ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ బెసెల్ క్యోనిగ్స్‌బర్గ్ వేధశాల అధిపతి. 1838లో మొట్టమొదటగా ఒక నక్షత్రం దూరాన్ని కొలిచి చెప్పినవాడు. 1835లో హేలీ తోకచుక్క తిరిగి వచ్చినప్పుడు, అక్టోబరు రాత్రులలో దాని తలలోనుంచి సూర్యుని వైపుగా విసనకర్ర వలె ఒక కాంతిధార వెలువడటం చూశాడు. ఆ ధార లోలకం వలె అటూ ఇటూ ఊగుతున్నది. చూసి బొమ్మ గీసి ఊరుకోలేదు. పదార్థం ఒకవైపుకు చిమ్ముతున్నదంటే మిగిలిన ముద్ద రెండవ వైపుకు నెట్టబడాలి కదా అని, 1836లో దానికి గణితం కట్టాడు. ఈ తోపుడు తోకచుక్క తిరుగుదల కాలాన్ని మార్చగలదనీ, ఎంకె తోకచుక్క త్వరపాటుకు ఈథర్ అవసరం లేకుండానే కారణం చెప్పవచ్చుననీ వ్రాశాడు. అదే, మా చెరువుగట్టు మీది తారాజువ్వ.

ఎంకె తన ఈథర్‌ను విడువలేదు. లోకమూ ఆయన పక్షమే వహించింది. బెసెల్ 1846లో కన్నుమూశాడు, ఎంకె 1865లో. ఎంకె తోకచుక్క మాత్రం తన దారిన తాను తిరుగుతూనే ఉన్నది. ఎంకె లెక్కను రష్యాలోని పుల్కొవో వేధశాలలో ఫాన్ ఆస్టెన్, ఆయన తరువాత బాక్‌లుండ్ వారసత్వంగా స్వీకరించారు. ఒక్క తోకచుక్క కోసం దశాబ్దాలు ధారపోసిన గణకులు వీరు. మూడు తరాలు కలిసి ఒకే కావ్యానికి వ్యాఖ్యానం వ్రాసినట్లు ఉంటుంది వారి పని. వారి లెక్కలలోనే ఈథర్ వాదానికి మొదటి దెబ్బ తగిలింది. 1868 తరువాత ఆ రెండున్నర గంటల తేడా తగ్గిపోయింది. అంతరిక్షమంతా సమంగా నిండిన ద్రవ్యం ఒక యేడు ఒకలా, మరొక యేడు మరొకలా నిరోధించడమేమిటి? తరువాతి కాలంలో ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. డారె తోకచుక్క, ఊల్ఫ్ తోకచుక్క ముందు రావడం లేదు, ఆలస్యంగా వస్తున్నాయి. పోలండు ఖగోళవేత్త కమియెన్‌స్కీ ఊల్ఫ్ తోకచుక్క మీదనే ఏళ్ళ తరబడి కృషి చేశాడు. నిరోధం ఏ తోకచుక్క కక్ష్యనూ పెంచలేదు. ఎంకె సిద్ధాంతంలో ఆలస్యానికి చోటే లేదు.

అయినా బెసెల్ మాట ఎందుకు గుర్తు రాలేదు? నాకు తోచిన సమాధానం ఇది. 1866లో స్కియాపరెల్లి పర్సీడ్ ఉల్కలు స్విఫ్ట్-టటిల్ తోకచుక్క మార్గంలోనే తిరుగుతున్నవని నిరూపించాడు. అది గొప్ప ఆవిష్కరణే. కాని దాని వెంట, తోకచుక్క అంటే ఇసుకరేణువుల గుంపు తప్ప మరేమీ కాదనే నమ్మకం స్థిరపడింది. దోమల గుంపు వలె ఎగిరే ఇసుకకు తారాజువ్వ న్యాయం ఎలా వర్తిస్తుంది? తోయడానికి ఒక గట్టి ముద్ద ఉండాలి కదా. ఒక నిజం మరొక నిజానికి అడ్డు నిలిచిందన్న మాట.

1910లో హేలీ తోకచుక్క మళ్ళీ వచ్చింది. గురజాడ వారు తమ ముత్యాల సరాలలోకి తెచ్చుకున్నది దీనినే. ఇంగ్లండులో కవెల్, క్రోమెలిన్ దాని రాకను అప్పటికి వీలైనంత సూక్ష్మంగా గణించారు. అది మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. గురుత్వం కాక మరేదో పనిచేస్తున్నదని వారికి అనుమానం కలిగింది. ఆ మరేదో ఏమిటన్నది నలభై ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

1950లో హార్వర్డు ఆచార్యుడు ఫ్రెడ్ విప్పిల్ ఆ ముడి విప్పాడు. (పేరులోనే విప్పడం ఉన్నదనుకోండి.) ఆ రోజులలో హార్వర్డులో మన హైదరాబాదు కుర్రవాడు ఒకడు చదువుకుంటూ ఉన్నాడు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. 1949 జూలైలో అక్కడ తానే ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆయనే వేణు బాప్పు. విప్పిల్ తన వ్యాసానికి ఎన్నుకున్న ఉదాహరణ ఎంకె తోకచుక్కే. ఇసుక గుంపు అయితే సూర్యుని దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఇంత వాయువును ఎక్కడినుంచి తెస్తుంది, ఒకటి రెండు చుట్లలో అడుగంటదా అని అడిగాడు. కనుక తోకచుక్క నడుమ ఒక గట్టి గడ్డ ఉన్నదనీ, అది మంచూ మన్నూ కలిసిన ముద్ద అనీ ప్రతిపాదించాడు. ఎండ తగలగానే పై మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరై ఎగసిపోతుంది. అదే ధార. ఆ ధార ముద్దను వెనక్కు నెడుతుంది. పత్రికలవారు ‘మురికి మంచుముద్ద’ అని ముద్దుపేరు పెట్టారు.

అయితే ఇంకొక మెలిక మిగిలి ఉన్నది. ధార ఎండ తగిలే వైపు నుంచి, అంటే సూర్యుని వైపుకు, వెలువడుతుంది. తోపుడు సూర్యునికి ఎదురుదిశలో ఉంటుంది. అది సూర్యాకర్షణను ఒక పిసరు తగ్గించినట్లవుతుందే గాని, తోకచుక్కను ముందుకో వెనుకకో లాగదు. మరి కాలం ఎలా మారుతుంది? విప్పిల్ చెప్పిన జవాబు ఏ రైతుకైనా తెలిసినదే. రోహిణీకార్తెలో ఎండ మిట్టమధ్యాహ్నం కన్నా రెండు మూడు గంటల వేళ ఎక్కువ మాడుస్తుంది. నేల వేడెక్కడానికి కొంత వ్యవధి పడుతుంది. తోకచుక్క ముద్ద కూడా తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది గనుక, దానికీ ఒక పగలు, ఒక అపరాహ్ణం ఉంటాయి. మంచు ఎక్కువగా ఎగసేది ఆ అపరాహ్ణపు వైపున. అందువల్ల ధార సూర్యునికి సూటిగా కాక కాస్త పక్కకు ఒరుగుతుంది. ముద్ద తన కక్ష్యలో సాగే దిశలోనే ఆత్మభ్రమణమూ చేస్తున్నదనుకోండి, అపరాహ్ణపు వైపు వెనుక పక్కన పడుతుంది. ధార వెనుకకు, తోపుడు ముందుకు. కక్ష్య పెరుగుతుంది, రాక ఆలస్యమవుతుంది. ముద్ద ఎదురు దిశలో తిరుగుతున్నదనుకోండి, అంతా తారుమారు. కక్ష్య కురచ అవుతుంది, తోకచుక్క ముందే వస్తుంది. ఎంకెకు త్వరపాటు ఎందుకో, ఊల్ఫుకు ఆలస్యమెందుకో ఒకే సూత్రంతో తేలిపోయింది. ఎవరూ కంటితో చూడని ముద్ద ఏ వైపుకు తిరుగుతున్నదో గడియారం చూసి చెప్పడం! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1868లో వచ్చిన మార్పు సంగతేమిటంటారా? దానికి 1979లో విప్పిల్, సెకనీనా కలిసి సమాధానం చెప్పారు. ధారల తోపుడు వల్ల ముద్ద అక్షమే, పడబోయే ముందు బొంగరం ఊగినట్లు, మెల్లగా దిక్కు మార్చుకుంటున్నది. అక్షం ఒరిగితే పక్కతోపుడు మారుతుంది, తేడా తగ్గుతుంది.

ఈ తోపుడు ఎంత చిన్నదంటే, హేలీ విషయంలో సూర్యాకర్షణలో సుమారు లక్షో వంతు. దానిని పద్ధతిగా లెక్కలో ఇమిడ్చినవాడు బ్రయన్ మార్స్‌డెన్. సెకనీనా, యోమన్స్‌లతో కలిసి 1973లో ఆయన కట్టిన సమీకరణం మంచు ఆవిరయ్యే తీరును అనుసరిస్తుంది. ఖగోళవేత్తలు నేటికీ దానినే వాడుతున్నారు. ‘గురుత్వేతర బలాలు’ అని ఈ తోపుడుకు శాస్త్రంలో పేరు. హేలీ తోకచుక్క ఈ బలాల వల్ల ప్రతి చుట్టుకూ సుమారు నాలుగు రోజులు ఆలస్యమవుతున్నది. 1981లో యోమన్స్, కియాంగ్ చైనా రాజాస్థానాలవారు వ్రాసి పెట్టిన పాత నమోదులను, ముఖ్యంగా క్రీ.శ. 141, 374, 837 సంవత్సరాల వాటిని ఆధారం చేసుకుని, దాని మార్గాన్ని క్రీ.పూ. 1404 దాకా వెనక్కు లెక్కించారు. రెండు వేల ఏళ్ళకు పైగా ఆ తోపుడు ఇంచుమించు ఒకే రీతిలో ఉన్నదని తేలింది. ఏ శకునం కోసమో ఆకాశం చూసి తేదీ వ్రాసుకున్న ఆ లేఖకులకు తమ వ్రాత ఎందుకు పనికివస్తుందో తెలిసే అవకాశమే లేదు.

చిన్న తోపుడే కదా అని తీసివేయడానికి లేదని 1992లో తెలిసింది. స్విఫ్ట్-టటిల్ 1862లో కనబడింది, 1980ల ఆరంభంలో రావాలన్నారు, రాలేదు. 1737లో పెకింగులో కెగ్లర్ అనే జెసూట్ పాదిరీ చూసిన తోకచుక్కా ఇదీ ఒకటే అయితే 1992 చివర వస్తుందని మార్స్‌డెన్ 1973లోనే అన్నాడు. వచ్చింది, కాని ఆయన చెప్పిన రోజుకు 17 రోజులు ఆలస్యంగా. కొన్ని మైళ్ళ పొడవున్న ముద్ద అది. ధారల తోపుడు మరుసటి రాకలోనూ దానిని ఆపాటి అటూ ఇటూ చేస్తే 2126 ఆగస్టు 14న భూమీ అదీ ఒకేచోట ఉండే ప్రమాదం ఉన్నదని ఆయనే హెచ్చరించాడు. లోకం ఉలిక్కిపడింది. మళ్ళీ చైనా నమోదులే ఆదుకున్నాయి. క్రీ.పూ. 69లోనూ క్రీ.శ. 188లోనూ కనబడినది ఈ తోకచుక్కేనని పోల్చి చూడగా, దీని మార్గంలో గురుత్వేతర బలాల జాడ దాదాపు లేదని తేలింది. అంత బరువైన ముద్దను ధారలు కదిలించలేకపోతున్నాయి. 2126లో అది మనకు రెండు కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో పోతుంది.

ఇక మంచుముద్దను కంటితో చూసిన సందర్భాలు. 1986 మార్చి 13-14 రాత్రి జొట్టో హేలీకి సుమారు 600 కిలోమీటర్ల దూరంలో పోయి, బొగ్గు కన్నా నల్లని, పదిహేను కిలోమీటర్ల పొడవైన గడ్డను, ఎండ పడే వైపున చిమ్మే ధారలను ఫోటో తీసింది. మా కుర్రవాడు చూసిన బొమ్మ అదే. 2014 ఆగస్టులో రోసెట్టా నౌక చుర్యుమొవ్-గెరసిమెంకో తోకచుక్కను చేరి రెండేళ్ళు వెంట ఉన్నది. 2015లో సూర్యుని సమీపించి వెళ్ళేసరికి ఆ ముద్ద తన చుట్టూ తాను తిరిగే కాలం 12 గంటల 24 నిమిషాల నుంచి సుమారు 20 నిమిషాలు తగ్గింది. తారాజువ్వతో పాటు భూచక్రమూ ఉన్నదన్న మాట. 2017లో మరొక చిన్న తోకచుక్క కొన్ని వారాలలోనే 20 గంటల భ్రమణం నుంచి 46 గంటలకు పైగా నెమ్మదించింది. అదే యేడు హవాయి నుంచి కనుగొన్న ఔమువామువా అనే పరాయి సౌరకుటుంబపు అతిథి తోక లేకుండానే పక్కకు నెట్టబడుతున్నట్లు కనబడింది. కొందరు దానిని పరలోకవాసుల తెరచాప అన్నారు. మంచులో చిక్కుకున్న హైడ్రోజన్ మెల్లగా విడుదల కావడమే కారణమని 2023లో మరొక వాదన వచ్చింది. నా మొగ్గు రెండవదాని వైపు. కాని ఆ చర్చ ఇంకా ముగియలేదు.

మొన్న సంక్రాంతికి ఆ కుర్రవాడి ఫోను నెంబరు సంపాదించాను. కుర్రవాడు అంటున్నాను గాని యాభై దాటిన మనిషి. దీపావళి మాట, చెరువుగట్టు మాట చెప్పి, నువ్వు అడిగినదే సరైన ప్రశ్నరా, నేనే తెలియక కొట్టిపారేశాను అన్నాను. “నాకసలు గుర్తే లేదండీ మాస్టారూ” అన్నాడు. కాసేపాగి, “ఇంతకీ అదిప్పుడు ఎక్కడుందండీ?” అని అడిగాడు. 2023 డిసెంబరులో దూరపు కొస చేరి వెనుదిరిగిందనీ, 2061 జూలై 28న సూర్యుని దగ్గరకు వస్తుందనీ చెప్పాను. లెక్క వేసుకుని, “నాకు ఎనభై ఏడొస్తాయండీ అప్పటికి” అన్నాడు. ఆ తేదీలో జువ్వ వల్ల వచ్చే నాలుగు రోజులూ కలిపే ఉన్నాయా అని కూడా అడిగాడు. కలిపే ఉన్నాయని చెప్పాను.